వరాహ కంపెనీ పేజీలో ఆఖరి వాక్యం

రత్నకి ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టిన్నాటి నించీ చేతకాదు. అలాంటి మనిషికి రోజుకి పదిగంటలు కుర్చీకి అతుక్కునే ఉద్యోగం దొరికింది, ఏం చెప్పమంటారు! అరకు బజారులో జీపుల స్టాండు వెనక ఇంటర్నెట్ కేంద్రం ఆవిడే నడుపుతుంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక స్కానరు, కరెంటు పోతే పావుగంటకే చేతులెత్తేసే బ్యాటరీ. కులం సర్టిఫికెట్లనీ, రేషన్ కార్డులనీ, పోడు పట్టాలనీ చుట్టుపక్కల కొండల మీది జనమంతా అక్కడికే దిగుతారు. కాగితం ఎవరిదైనా సరే, ముందు రత్న చదవాలి. చదివి వాళ్ళ మాటలో అర్థం చెప్పాలి. ఆ తరవాతే వేలికి సిరా. "రత్న సదివిందా? అయితే ఏసీ." అంతే, ఇంక మారుమాట ఉండదు. ఆ మధ్య బ్యాంకు మేనేజరు కూడా కొత్త ఖాతాల కాగితాలు ముందు ఆవిడ దగ్గరికే పంపాడు, తన మాట మీద ఒక్కళ్ళూ వేలు కదపకపోతే.

రత్నకి ఆ గర్వం ఉంది. ఉండదా మరి?

2008 వానాకాలంలో అరకులో ఉద్యోగాల మేళా పెట్టారు. కింద మైదానంలో కొత్తగా తెరిచిన ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ వాళ్ళు, బోర్డులకి టంకం పెట్టే పనికి ఆడపిల్లల్ని తీసుకుంటామన్నారు. కొండల మీంచి ముప్ఫైమంది ఆడగుంటలు తడుస్తూ నడిచొచ్చారు. వాళ్ళ దరఖాస్తులన్నీ రత్నే టైపు చేసింది. వచ్చిన మేనేజరు ఆ కట్టని పైపైన తిరగేసి పక్కన పెట్టేశాడు.

"టంకం పని కొండవాళ్ళ వల్ల కాదమ్మా. వరాహ కంపెనీ సంగతి నెట్‌లోనే ఉంది కదా, చూడలేదా? ప్యాకింగులో ఖాళీలుంటే చెప్తాం. మళ్ళీ నెలాఖరుకి వస్తాను" అన్నాడు, నెమ్మదిగానే.

వరాహ పేరు వినేసరికి రత్నకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఆవిడ పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి నాలుగేళ్ళు పనిచేసింది అక్కడే. వరాహ మైక్రోసిస్టమ్స్ అని విశాఖపట్నం శివార్లలో 1995లో పెట్టారు. సొంతంగా కంప్యూటర్లు తయారుచేసి బళ్ళకీ ఆఫీసులకీ అమ్మేవాళ్ళు. గిరిజన యువతకి శిక్షణ అని ఒకే పంచాయతీ నించి పదకొండు మందిని తీసుకెళ్ళారు. అందులో పదో తరగతి దాకా చదివింది రత్న ఒక్కతే. మిగతా పదిమందికి అక్షరం ముక్క రాదు. అందరిలోకీ పెద్దది ముత్యాలమ్మ. రత్నకి వరసకి అప్ప, అంటే అక్క.

మేళా ఇంకా అవుతూనే ఉంది. రత్న కేంద్రంలోకి పరుగున వచ్చి నెట్‌లో వెతికింది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది, అందులో దొరికింది వరాహ పేజీ. పేజీ అనడానికి కూడా లేదు, నాలుగంటే నాలుగే వాక్యాలు. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఏం తయారుచేశారు. ఆఖరి వాక్యం ఇది: "శిక్షణ లేని గిరిజన కార్మికుల నాసిరకం పనితనం వల్ల బోర్డులు పెద్ద సంఖ్యలో పాడై 1999లో కంపెనీ మూతపడింది."

నాసిరకం! రత్నకి కడుపు మండిపోయింది. ముత్యాలమ్మ పెట్టిన టంకం మీద వేలితో రాస్తే గాజు మీద రాసినట్టుండేది. నెలకి ఒక్క బోర్డు కూడా ఆవిడది వెనక్కొచ్చేది కాదు. పాడైంది టంకం కాదు, ఆఖరి విడతలో యజమాని ఎక్కణ్ణించో చవగ్గా తెప్పించిన కెపాసిటర్లు. అంటే బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయే, అవి. ఆర్నెల్లు తిరక్కుండా వాటి నెత్తులు ఉబ్బి, పగిలి, రసం కారిపోయింది. వెనక్కొచ్చిన బోర్డుల లెక్క రాసేది రత్నే, కళ్ళారా చూసింది. రత్న ఇంకేం ఆలోచించలేదు. దిద్దే చోట నొక్కి, ఆ వాక్యాన్ని తీసి అవతల పారేసింది.

టీ తాగి వచ్చేసరికి వాక్యం మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి తీసేసరికి ధనుంజయ్ అనే ఆయన నించి సందేశం: "నమస్కారం. ఆధారం ఉన్న వాక్యాన్ని కారణం చెప్పకుండా తొలగిస్తున్నారు. ఇంకోసారి తీసేస్తే మీ ఖాతాను ఆపవలసి వస్తుంది. అభ్యంతరం ఉంటే చర్చాపేజీలో రాయండి."

"అబ్యంతరమా? నీ మొకం!" అంది రత్న తెరతో. జిరాక్సుకి వచ్చిన పెద్దాయన తననే అనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

చర్చాపేజీలో రాసింది. తను అక్కడ పనిచేశానని, తప్పు కెపాసిటర్లదని, టంకం సంగతి తనకంటే తెలిసినవాడెవడో రమ్మనమని. ధనుంజయ్ జవాబు మర్యాదగానే ఇచ్చాడు. తను విజయనగరంలో లైబ్రేరియన్నని చెప్పుకున్నాడు. "మీ మాట నేను నమ్ముతాను. కానీ ఇక్కడ నా నమ్మకానికి విలువ లేదు. ఎక్కడైనా ప్రచురించిన ఆధారం కావాలి. ఈలోగా వ్యాసంలో మిగతా భాగాలు మెరుగుపరచండి. అక్కడ పని ఎలా జరిగేదో మీకన్నా ఎవరికి తెలుస్తుంది?"

పోనీ మంచిమాటే అన్నాడని రత్న మూడురోజులు కూర్చుని రాసింది. బోర్డుకి ఎన్ని వందల టంకాలు పడేవో రాసింది. రెసిస్టర్ల మీద రంగు గీతలుంటాయి, ఏ గీత తరవాత ఏ గీతో తెలిస్తే తప్ప ఏది ఎక్కడ పెట్టాలో తెలీదు. ఇంగ్లీషు రంగుల పేర్లు నోరు తిరగక ముత్యాలమ్మ వాటికి తన పేర్లు పెట్టింది. గోధుమరంగు చోడిగింజ, ఎరుపు మిరపపండు, పసుప్పచ్చది పసుపుకొమ్ము. "చోడి, మిరప, పసుపు" అని పాడుకుంటూ వరసగా పెట్టుకుపోయేవారు. ఆ పాట లైనంతా వినిపించేది, మైదానం నించి వచ్చిన గుంటలు కూడా అదే నేర్చుకున్నారు. రత్నకి రాస్తూంటే నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి కూడా. ముద్దుగా, ఒక్క తప్పు లేకుండా రాసింది. మర్నాడు పొద్దున్నకి అంతా తీసేశారు. "ఎంతో బాగుంది. కానీ ఆధారం?" అని కింద ధనుంజయ్.

ఇంక మనిషి మనిషిలా లేదు. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి కాఫీ తోటలోకీ. ఆదివారం నాడు మొగుడు భీముడితో కలుపు తీయడానికి వెళ్ళి నాలుగు కాఫీ మొక్కలు పీకేసింది.

"ఒలే, కలుపు పీకమంటే మొక్కలు పీకేత్తన్నావేటే? ఏటయింది నీకు?" అన్నాడు భీముడు.

"ఆధారం కావాలంట మావా, ఆధారం. మనం సెప్తే సెల్లదంట."

"మరి గ్రామసభ పెట్టించు. మన మాట సెల్లంది ఇంకెక్కడ?"

భీముడు వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలీదుగానీ, రత్న మొక్కలక్కడే పారేసి గ్రామపెద్ద సోంబరు ఇంటికి పరిగెత్తింది. నిజమే కదా! రెండేళ్ళ కిందట కొండకి రాయి కొట్టడానికి మిషన్లేసుకొచ్చిన కంట్రాక్టరు, గ్రామసభ తీర్మానం చూసి నోరెత్తకుండా వెనక్కి తిప్పుకుని పోయాడు. ఏజెన్సీలో అంతకంటే గట్టి కాగితం ఇంకోటి లేదు. సోంబరు తాత విషయం అంతా విని మీసం దువ్వుకున్నాడు.

"కలెట్రాపీసే మన తీర్మానానికి తలొంచుతాది. ఈ దనుంజయ్ ఎవుడే? పెట్టీ సబ."

బడి వరండాలో సభ పెట్టారు. "వరాహ కంపెనీలో మా ఆడపడుచుల పనితనంలో ఏ లోపమూ లేదని, నెట్‌లో ఉన్న తప్పుడు వాక్యాన్ని తక్షణం తొలగించాలని ఈ గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది." రత్న రాసింది, రెండుసార్లు చదివి వినిపించింది. పదిమంది ఆడవాళ్ళూ ముందు వేలిముద్రలు వేశారు. ముత్యాలమ్మ వేలు సిరాలో ముంచి, "రత్న సదివింది కదేటి, ఇంకేటి" అని అందరికంటే ముందు వేసింది. యాభైమూడు ముద్రలు పడ్డాయి, సోంబరు తాత కింద పంచాయతీ స్టాంపు గుద్దాడు. రత్న దాన్ని స్కాన్ చేసి పంపించి, ఆ సాయంత్రం జీపులో పాటలు పాడుకుంటూ ఇంటికెళ్ళింది.

ధనుంజయ్ జవాబుకి రెండు రోజులు పట్టింది. "ఈ కాగితాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. దీన్ని గౌరవిస్తున్నాను. అయినా ఇది ప్రచురించిన ఆధారం కాదు, తీసుకోలేను. క్షమించండి."

రత్నకి తల కొట్టేసినట్టయింది. యాభైమూడు వేళ్ళు! రాయి మిషన్లని తిప్పికొట్టిన స్టాంపు! ఊరివాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కోపంతో టైపు చేసింది: "మా ఊరంతా కలిసి చెప్తే ఆధారం కాదు. మరి మీ దగ్గరున్న ఆ గొప్ప ఆధారం ఏమిటో చూపించండి. చూద్దాం."

"తప్పకుండా" అని రాశాడాయన. మర్నాడు లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు వెతికి, 1999 నాటి పేపరు ముక్క స్కాన్ చేసి పంపాడు.

ఆ రోజుల్లో బొమ్మ తెరుచుకోవాలంటే పై నించి కిందకి ఒక్కో చార దిగేది. ముందు పేపరు పేరు దిగింది. తరవాత పెద్దక్షరాల్లో "తప్పు మాదే: వరాహ గిరిజన కార్మికులు". రత్న కుర్చీలోంచి లేచి నిలబడింది. "మాదేటి? ఎవుడు సెప్పేడు?" అంది పైకే. దాని కింద వార్త. వార్త పక్కన ఇంగ్లీషులో టైపు చేసిన ఒక ఉత్తరం ఫోటో. ఇప్పుడు రత్నకి ఇంగ్లీషు వచ్చు, దూరవిద్యలో డిగ్రీ కూడా చదివింది. కింద సంతకాలు చేసిన గిరిజన కార్మికులమైన మేము, మా అజాగ్రత్త వల్లా చేతగానితనం వల్లా బోర్డులు పాడైనట్టు ఒప్పుకుంటున్నాము, యాజమాన్యానికి ఇందులో ఏ బాధ్యతా లేదు. చార చారగా కిందకి దిగుతోంది బొమ్మ. అడుగున నల్లగా వేలిముద్రలు, ఒకటి, రెండు, పది. వాటి పైన, మొట్టమొదట, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, ఎంతో పొందిగ్గా ఒక సంతకం.

అది రత్న సంతకం.

 అదెలా వచ్చిందో గుర్తు తెచ్చుకోవలసిన పనిలేదు, అలా కళ్ళముందు నిలబడింది. ఫ్యాక్టరీ మూసేసే ముందు రోజు, గేటు దగ్గర షెడ్డు. సూపర్వైజరు ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టి, "సంతకాలు చెయ్యండి, పని చేసినట్టు సర్టిఫికెట్ల కోసం" అన్నాడు. ముత్యాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండండి బాబూ. ఒలే రత్నా, ఏటుందే అందులో? సూడు." పదిమందీ రత్న వైపే చూశారు. మైదానం నించి వచ్చిన గుంటలు కూడా చుట్టూ నిలబడ్డారు. రత్నకి ఇంగ్లీషులో పేరు రాసుకోవడం, అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. రాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుగేళ్ళ నించి బస్సు బోర్డులూ మందుల సీసాలూ చదివిపెడుతూ, నాకు ఇంగ్లీషు వచ్చని గొప్పలు పోయిన గుంట ఆ మాట అనగలదా! కాగితం మీద కళ్ళు అటూ ఇటూ తిప్పింది. పెదాలు కూడా కదిపింది, చదువుతున్నట్టు. "సర్టిపికేట్ల కోసమే అప్పా. ఏసీండి" అంది. ముందు తనే సంతకం చేసింది.

ఆ సర్టిఫికెట్లు ఎప్పటికీ రాలేదు, అది వేరే సంగతి.

రత్న బొమ్మ మూసేసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది. కేంద్రానికి తాళం వేసి, పన్లు మానుకుని వచ్చినవాళ్ళు "ఏటిది ఏటిది" అంటున్నా వినకుండా స్టేషనుకి నడిచింది. మధ్యాహ్నం కిందకి దిగే పాసింజరు ఎక్కింది. ఎక్కడికో తనకే తెలీదు. టైడాలో దిగింది. బల్లమీద కూర్చుంది, రెండు నిమిషాలకే లేచింది, ప్లాట్‌ఫారం ఈ చివర నించి ఆ చివరకి నడిచింది. స్టేషను మాస్టరు, "ఏమ్మా, ఎవరైనా రావాలా?" అని అడిగితే తలూపింది. ఎవరొస్తారు? రోడ్డు మీదకి వచ్చి బస్సెక్కి తిరిగి అరకు వచ్చేసింది.

తరవాత నాలుగు రోజులూ అదే వరస. తిండి సయించదు, కూర్చోలేదు, పడుకోలేదు. మనసులో ఒకటే లెక్క తిరుగుతోంది. తొమ్మిదేళ్ళ నాటి పేపరు ముక్క, ఇప్పుడు దాని సంగతి తెలిసింది ఇద్దరికే. ఆ ఇద్దరిలో ధనుంజయ్‌కి ఆ సంతకం ఎవరిదో తెలీదు, నెట్‌లో రత్న ఖాతా పేరు వేరు. పదిమంది ఆడవాళ్ళకీ చదవడం రాదు. "వాళ్ళు ఒప్పుకోలేదమ్మా, ఏం చేస్తాం" అని ఊళ్ళో ఒక మాట అనేస్తే చాలు, ఎవరూ ఏమీ అనరు. రత్న మాట కాదనేదెవరు? అయితే ఆ వాక్యం అలాగే ఉంటుంది. నెలాఖరుకి ఆ మేనేజరు వచ్చి ముప్ఫైమంది గుంటల కాగితాలు మళ్ళీ పక్కన పెడతాడు. చెప్తే మాత్రం ఏమవుతుంది? ఇంగ్లీషు రాకుండా పదిమంది చేత వేలిముద్రలు వేయించిన మనిషి దగ్గరికి రేపు ఎవరు కాగితం పట్టుకొస్తారు? రత్నకి ఉన్నదల్లా ఆ ఒక్క నమ్మకమే. దాన్ని చేతులారా తీసి వీధిలో పెట్టుకోవాలా? భయమేసింది. నిజంగా, చిన్నపిల్లకి చీకట్లో వేసినట్టు వేసింది.

నాలుగోనాడు ధనుంజయ్‌కి రాసింది. "ఆ ఉత్తరం మీద సంతకం చేసిన మనిషే, నేను చదవకుండా చేశాను అంటే?"

"ఎవరితో అంటే? నాతో అంటే పనికిరాదు. తన పేరుతో పత్రికకి చెబితే, వాళ్ళు విచారించి వేస్తే, అప్పుడు వ్యాసంలో రాయొచ్చు" అన్నాడాయన. కాసేపాగి ఇంకో వాక్యం పంపాడు. "ఆ మనిషి మీరేనా?"

రత్న ఆ పేజీ మూసేసి గడియారం చూసింది.

మంగరాజు అని అరకు విలేకరి ఉన్నాడు. రోజూ నాలుగింటికి ఆ కేంద్రంలోంచే వార్తలు పంపుతాడు. ఆ రోజు ఆయన కూర్చునీ కూర్చోకముందే రత్న పేపరు ముక్క ప్రింటు తీసి ఎదురుగా పెట్టింది. ఎక్కడా ఆగకుండా మొదటి నించీ చివరిదాకా చెప్పేసింది. ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు. కెపాసిటర్ల సంగతి చెప్పింది, పదిమంది పేర్లూ చెప్పింది, పెదాలు కదపడం కూడా చెప్పింది.

మంగరాజు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మాయ్, ఒకమాట చెప్తాను విను. కంపెనీ మోసం చేసిందని మాత్రం రాద్దాం. నువ్వు చదవలేదన్న సంగతి ఎందుకు? నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా?"

"అది రాయకపోతే ఆళ్ళెందుకు వేలిముద్ర ఏసేరో ఎవుడికి తెలుత్తాది బాబూ? తెలిసే ఏసేరనుకుంటారు. రాసీండి."

మంగరాజు ఆ పాత సూపర్వైజరుని ఎలాగో పట్టుకుని ఫోన్లో మాట్లాడాడు. ఉత్తరం టైపు చేయించింది ఆఫీసువాళ్ళేనని, ఆ విడత కెపాసిటర్లు నాసివని అతనూ ఒప్పుకున్నాడు. గురువారం జిల్లా ఎడిషన్‌లో వార్త వచ్చింది. ధనుంజయ్ ఆ మధ్యాహ్నానికే వ్యాసం దిద్ది, సేవ్ చేసే ముందు రత్నకి చూపించాడు. "ఇందులో మీ పేరు వద్దనుకుంటే 'ఒక మాజీ కార్మికురాలు' అని రాస్తాను. నియమాలు ఒప్పుకుంటాయి. ఆలోచించుకోండి."

రత్న లేచి గుమ్మం దాకా వెళ్ళింది. బయట వాన. వెనక్కి వచ్చి, "పేపర్లో ఎలా ఉంటే అలా రాయండి" అని టైపు కొట్టింది.

మర్నాడు శుక్రవారం, అరకు సంత. కొండల మీంచి జనం గంపలతో దిగుతారు. రత్న ముందే కబురు పెట్టింది, పదిమందీ కేంద్రానికి రమ్మని. అల్లం గంపలూ చిక్కుడు మూటలూ గుమ్మంలో దించి, లోపల కింద చాపమీద కూర్చున్నారు. ముత్యాలమ్మ కాళ్ళు చాపుకుని, "బేగి సదువే, బేరాలు పోతాయి. తీసీసేరా ఆ మాట?" అంది నవ్వు మొహంతో.

"తీసీసేరు అప్పా. కొత్తది రాసేరు."

పదిమందీ ఒకేసారి మాట్లాడేశారు. ఒకావిడ చేతులు జోడించి పైకి చూసింది. రత్న ప్రింటు తీసిన కాగితం పట్టుకుంది. ఎదురుగా ఇరవై కళ్ళు. ఇందులో ఒక్క అక్షరం చదవగలిగిన కళ్ళు లేవు.  మధ్యలో ఒక్క వాక్యం వదిలేస్తే చాలు, నవ్వుకుంటూ సంతకి పోతారు. ఎప్పటికో తెలిస్తే తెలుస్తుంది, ఇవాళ కాదు కదా. రత్న చదవడం మొదలుపెట్టింది.

"1999లో బోర్డులు పెద్ద సంఖ్యలో పాడవడంతో కంపెనీ మూతపడింది. గిరిజన కార్మికుల పనితనమే ఇందుకు కారణమంటూ, వారు సంతకాలు చేసిన లేఖను కంపెనీ చూపింది. అయితే..." ఇక్కడ ఆగింది.  "అయితే ఆ లేఖ ఇంగ్లీషులో ఉందని, అప్పట్లో తనకు ఇంగ్లీషు చదవడం రాకపోయినా వచ్చినట్టు నటించి, అది సర్టిఫికెట్ల కోసమని చెప్పి మిగతా పదిమంది చేత వేలిముద్రలు వేయించానని మాజీ కార్మికురాలు రత్న 2008లో ఒక పత్రికకు తెలిపింది. చౌకరకం కెపాసిటర్ల వల్లనే బోర్డులు పాడయ్యాయని ఆమె, అప్పటి సూపర్వైజరు చెప్పారు."

పుస్తకాల తెలుగు వాళ్ళకి సరిగ్గా అందదు. అందుకని కాగితం కింద పెట్టి, అదే సంగతి వాళ్ళ మాటలో మళ్ళీ చెప్పింది. ఏదీ మింగలేదు. ముఖాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోవడం కళ్ళారా చూస్తూ చెప్పింది. చెప్పి, "తప్పయిపోయింది అప్పా" అంది. ఏడవకూడదనుకుంది గానీ ఏడుపు వచ్చేసింది.

 చిక్కుడు మూటలావిడ లేచి, బల్లమీద పొద్దున్న ఇచ్చిన తన పట్టా కాగితం వెతికి తీసుకుంది. మడతపెట్టి కొంగున కట్టుకుని, రత్న మొహం చూడకుండా బయటికి పోయింది. ఇంకో ఇద్దరు ఆవిడ వెనకే లేచారు.

ముత్యాలమ్మ కదల్లేదు. "మళ్ళీ సదువు" అంది.

రత్న మళ్ళీ చదివింది.

"ఆ దినం నానడిగేను. ఏటుందే అందులో అని నిన్నే అడిగేను."

"అడిగేవు అప్పా."

"తొమ్మిదేళ్ళు." ముత్యాలమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "కంపినీ మా వల్లే మూతపడిందని అందరూ అంటే, అవునేమో అనుకున్నాను. నా సెయ్యే ఎక్కడో తప్పేసుంటాదనుకున్నాను. ఏ బోర్డు మీద, ఏ టంకం దగ్గర అని ఎన్ని మార్లు ఎతుక్కున్నానో నీకేటి తెలుసు? ఇంట్లో గిన్నెకి సిల్లు పడితే మాటెయ్యమన్నా నా వల్ల కాదన్నానే నాను! నా సెయ్యి మంచిదేనని నీకు తెలుసు కదేటే, మొన్న సబ దాకా ఒక్కపాలి నాతో సెప్పేవా?"

 ఆ మాట చెప్పాలన్న సంగతే రత్నకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. సంతకం చేసిన పాపం కంటే ఇదే పెద్దదనిపించింది.

"నీ పేరు రెండు మార్లు సదివేవు" అంది ముత్యాలమ్మ. "అబద్దమాడిన దానికి నీ పేరు రాసేరు. మరి పని సేసినోళ్ళం, మా పేర్లేవీ?"

"సెప్పేను అప్పా. పేపర్లో సోటు లేదని ఉత్త 'పదిమంది' అని రాసీసేరు. పేపర్లో లేకపోతే ఇక్కడా రాయరు."

ముత్యాలమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. గుమ్మంలో అల్లం గంపని కాలితో పక్కకి జరిపి, మళ్ళీ వచ్చి, రత్న కూర్చునే కుర్చీ లాక్కుని దాంట్లో తను కూర్చుంది.

"ఆ పేపరోడిని పిలువు. నువ్వు సదవొద్దు, నువ్వు సెప్పొద్దు. ఈపాలి నానే సెప్తాను."

మంగరాజు ఆ వేళప్పుడు సంతలో ఏ కొట్టు దగ్గరుంటాడో రత్నకి తెలుసు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి, ఆ వానలోనే పరిగెత్తింది.